నడుం నొప్పి ముప్పు మీకెంతుందో చూసుకోవడం ఎలా?

నడుం పట్టేసిందని నా దగ్గరికొచ్చేవాళ్లు ముందు ఎమ్మారై ఫిల్ము తీస్తారు. "అది పక్కన పెట్టి, నిన్న పొద్దున్నించి రాత్రిదాకా ఏం చేశారో చెప్పండి" అంటాను. గుంటూరులో ఫిజియోథెరపిస్టుగా నాకు ఎక్కువ పనికొచ్చే ప్రశ్న అదే. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే నూటికి 37 మందికి స్కాన్‌లో డిస్కు అరుగుదల కనిపిస్తుంది. ఎనభై ఏళ్లవాళ్లలో 96 మందికి!

మీరూ ఓ కాగితం తీసుకోండి. ఇంతకుముందెప్పుడైనా నడుం పట్టేసిందా? ముందు అది రాయండి. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

తర్వాత పని. మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, నలభై కిలోల పైమాటే. అయితే బరువొక్కటే రాస్తే చాలదు, ఎలా ఎత్తారో కూడా రాయాలి. ఒళ్లు మెలితిప్పి ఎత్తినా, బాగా అలిసిపోయి ఎత్తినా, ధ్యాస ఫోన్ మీద ఉన్నా నడుం పట్టేసే ప్రమాదం పెరుగుతుంది. అందుకే హమాలీలకు చెప్తుంటాను: టిక్కీని ఒంటికి ఆనించి పట్టుకోండి, తిరగాలంటే పాదాలు తిప్పండి, నడుం కాదు. మిరప కోతకెళ్లే ఆడవాళ్లయితే సాలు చివరికి రాగానే నిటారుగా నిలబడి నాలుగడుగులు వేయాలి. "మేస్త్రి ఊరుకుంటాడా మేడమ్?" అంటారు. నిజమే, ఆ మాట ముందు మేస్త్రికి చెప్పాలి.

పొగ గురించి అడిగితే "చుట్టకీ నడుముకీ ఏం సంబంధం?" అని నవ్వుతారు. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని అంచనా. దాంతో మంచానపడి, పనికి దూరమై పోగొట్టుకునే ఆరోగ్యంలో నూటికి 39 వంతుల దాకా పని తీరు, పొగ, అధిక బరువు, ఈ మూడింటి ఖాతాలోదే. సరిగా నిద్ర పట్టకపోవడం, అప్పుల టెన్షన్ ఉంటే అవీ రాయండి.

నొప్పి రాకుండా బెల్టు కట్టుకోవడం డబ్బు దండగ. దానికన్నా నడక మేలు. నొప్పి తగ్గినవాళ్ల చేత ఆస్ట్రేలియాలో వారానికి ఐదుసార్లు అరగంట నడిచే స్థాయికి మెల్లగా అలవాటు చేయిస్తే, మధ్యస్థ లెక్కన (అంటే సగం మందికి ఆలోపు, మిగతా సగానికి ఆ తర్వాత) 208 రోజులకు నొప్పి తిరగబెట్టింది. ఆ శిక్షణ లేనివాళ్లకు 112 రోజులకే.

మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలిలో బలం తగ్గినా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా మాత్రం ఈ కాగితం పెట్టుకుని కూర్చోకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.