గ్రానరీ నిండా గోధుమలే, ఊరంతా పస్తులే: సీజర్ 3లో తిండి ఎక్కడ ఆగిపోతోంది?

రోమన్ నగరాలు కట్టే కంప్యూటర్ ఆట సీజర్ 3లో జనం ఆకలితో ఊరొదిలి పోతుంటే చాలామంది మొదట చేసే పని ఇంకో గోధుమ పొలం వేయడం. దయచేసి వేయకండి. 1998లో వచ్చిన ఈ ఆటను చెన్నైలో మా వేళచ్చేరి తెలుగు కుర్రాళ్లు ఇప్పటికీ ఆదివారాలు కూర్చుని ఆడుతుంటారు. వాళ్లు నాకు చూపించిన ఊళ్లలో పంట చాలక పాడైనవి చాలా తక్కువ. పండింది ఇంటిదాకా రాకపోవడమే అసలు జబ్బు. పొలం, గ్రానరీ (తిండి నిల్వ చేసే ధాన్యపు కొట్టు), మార్కెట్, ఇల్లు - ఈ దారిలో ఎక్కడో ఒక మనిషి ఆగిపోయి ఉంటాడు, లేదా తప్పు వీధిలో తిరుగుతుంటాడు. ముందు ఆ మనిషిని పట్టుకోవాలి.

కింద చెప్పేదంతా పాత ఆట గురించి. జూలియస్, ఆగస్టస్ అనేవి ఇదే ఆటకు అభిమానులు తయారుచేసిన కొత్త రూపాలు. జూలియస్‌లో ఆడినా ఇదే లెక్క. ఆగస్టస్‌లో కొన్ని సంగతులు మారాయి.

సమస్య: గ్రానరీ నిండుగా ఉంది, ఇళ్లలో తిండి లేదు

మార్కెట్ మీద రైట్ క్లిక్ చేసి లోపల తిండి ఎంత ఉందో చూడండి. సగం నిర్ధారణ అక్కడే అయిపోతుంది.

మార్కెట్‌లో ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తారు. ఒకామె కొనుక్కొస్తుంది. నేరుగా గ్రానరీకి వెళ్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనకే బుట్టలు మోసుకుంటూ పిల్లలు వరుసగా నడిచొస్తారు. రెండో ఆమె వీధుల్లో తిరిగి పంచుతుంది. ఈ రెండో ఆమెకు గమ్యం అంటూ ఏదీ ఉండదు. కూడలి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక దారి పడుతుంది, మ్యాప్ మీద పాతిక గళ్ల దాకా తిరిగి దగ్గరి దారిన వెనక్కి వచ్చేస్తుంది. ఆమె నడిచిన రోడ్డుకు రెండు గళ్లలోపు ఉన్న ఇళ్లకే తిండి అందుతుంది.

మార్కెట్ ఖాళీగా ఉంటే లోపం కొనే ఆమె దగ్గర ఉంది. మార్కెట్‌కు పనివాళ్లు చాలి ఉండరు, లేదా గ్రానరీ మరీ దూరమై ఉంటుంది. సుమారు 40 గళ్లు దాటిన గ్రానరీని ఆమె అసలు లెక్కలోకే తీసుకోదు. గ్రానరీని పొలాల పక్కన కట్టి మార్కెట్‌ను ఊరికి అవతల పెట్టినవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. పొలం నుంచి గ్రానరీకి బండి ఎంత దూరమైనా వస్తుంది కాబట్టి, గ్రానరీని ఇళ్ల వైపుకు జరిపి కట్టండి.

మార్కెట్‌లో సరుకు ఉండి కూడా ఇళ్లు ఖాళీగా ఉంటే లోపం పంచే ఆమె దగ్గర ఉంది. నిజానికి ఆమెది కాదు, మన రోడ్లది. చెన్నై కోయంబేడు కూరగాయల మార్కెట్‌కు మదనపల్లె టమాటా ఎన్ని లారీలు దిగినా, తోపుడు బండి మన వీధిలోకి మళ్లకపోతే ఆ పూట మన ఇంట్లో టమాటా ఉండదు కదా, ఇదీ అంతే.

మా పక్క ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు కుర్రాడు ఒకసారి లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "అన్నా, గ్రానరీ నిండుగా ఉంది, మార్కెట్ నిండుగా ఉంది. మరి వీళ్లెందుకు పోతున్నారు?" అన్నాడు. ఆట వేగం తగ్గించి ఆ ఒక్క మనిషినే చూడమన్నాను. ఆమె మార్కెట్ దాటింది, నాలుగు రోడ్ల కూడలికి వచ్చింది, ఇళ్ల వైపు కాకుండా పొలాలకు వెళ్లే రోడ్డు పట్టింది. అటు ఒక్క ఇల్లూ లేదు. పొలాల చివరిదాకా వెళ్లి వచ్చింది, తర్వాత మళ్లీ అటే వెళ్లింది. వాడు పొలాల రోడ్డు మీద ఒక గేట్‌హౌస్ (కోట ద్వారం) కట్టి, అక్కర్లేని రెండు అడ్డరోడ్లు తీసేసి, ఇళ్ల చుట్టూ రోడ్డును ఒకే చుట్టుగా కలిపాడు. ఊరికే తిరిగేవాళ్లు గేట్‌హౌస్ దాటరు, పని మీద వెళ్లే బండివాళ్లు మాత్రం దాటుతారు. ఇళ్లకు తిండి అంది, కాసేపటికి గుడారాలన్నీ గుడిసెలుగా మారడం మొదలైంది.

కూడళ్లు తగ్గించడం కన్నా మంచి మందు ఈ ఆటలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. ఊరు అందంగా ఉండాలని గళ్లుగళ్లుగా రోడ్లు వేస్తే కష్టాలు తప్పవు.

సమస్య: పంట పండింది, బండి పొలం పక్కనే నిలబడిపోయింది

బండివాడి మీద రైట్ క్లిక్ చేయండి, ఎందుకు ఆగాడో వాడే చెబుతాడు. గ్రానరీలో పట్టేది 2400. అది గోధుమలతో నిండిపోతే పండ్లు, కూరగాయలకు చోటుండదు. ఇంకో గ్రానరీ కట్టి అందులో గోధుమలు వద్దని సెట్ చేయండి. గ్రానరీకి పనివాళ్లు తక్కువైనా బండి అటు పోదు.

ఇంకో కారణం ఉంది, చాలామందికి తట్టదు. వ్యాపార సలహాదారు పేజీలో గోధుమల మీద 'స్టాక్‌పైల్' (వాడకుండా నిల్వ ఉంచు) నొక్కి ఉంటే పొలం బండ్లు గ్రానరీని వదిలేసి వేర్‌హౌస్‌కు, అంటే సరుకుల గోదాముకు పోతాయి. వేర్‌హౌస్ తిండిని మార్కెట్ కొనదు. అది తిండి కొనేది గ్రానరీలోనే. కుండలు, నూనె, వైన్, ఫర్నిచర్ మాత్రమే వేర్‌హౌస్ నుంచి తెచ్చుకుంటుంది. కాబట్టి ఆ బటన్ తీసేయండి. గోధుమల ఎగుమతి ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. ఊరు పస్తులుంటే పక్క నగరం మన గోధుమలు కొనుక్కుపోతుంటుంది.

సమస్య: గోధుమలు దిగుమతి చేశాం, అయినా ఆకలే

దీనికి కారణం కూడా పైదే. ఒంటెల వర్తకుడైనా ఓడైనా దించేది వేర్‌హౌస్‌లోనే. గ్రానరీ ఆర్డర్లలో గోధుమలను 'తెచ్చుకో' అని పెట్టండి, అప్పుడు వేర్‌హౌస్ బండివాడు వాటిని ముందుగా అక్కడికి చేరుస్తాడు. వేర్‌హౌస్‌ను గ్రానరీ పక్కనే కట్టండి, లేకపోతే ఒక్క బండి అటూ ఇటూ తిరిగేసరికి కాలం గడిచిపోతుంది.

అసలు రోమ్ పడిన తిప్పలూ ఇవే. అలెగ్జాండ్రియా నుంచి వచ్చే పెద్ద ధాన్యపు ఓడలు రోమ్ దగ్గరి రేవు ఆస్టియాలో ఇసుక మేటల వల్ల సరిగా ఆగలేక, దూరాన ఉన్న పుటియోలి రేవులో సరుకు దించేవి. అక్కడి నుంచి చిన్న పడవల్లో రోమ్‌కు చేర్చాలి. అందుకే క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 42లో కొత్త రేవు పని మొదలుపెట్టాడు. ఈజిప్టులో పంటకు లోటు లేదు, చేర్చడమే కష్టం.

సమస్య: వర్తకుడు వచ్చి ఏమీ కొనకుండా పోయాడు

ఎగుమతి సంఖ్య చూడండి. నిల్వ ఆ సంఖ్య దాటితేనే అమ్మకం. ఆ నగరం ఏడాది కోటా అయిపోయి ఉంటే జనవరి దాకా ఆగాల్సిందే. కొనాల్సింది మనమైతే వేర్‌హౌస్‌లో ఖాళీ, ఖజానాలో డబ్బు ఉన్నాయా అన్నది చూసుకోవాలి.

ఫారోలో ఆడేవాళ్లకు

ఇదే తరహాలో ఈజిప్టు ఊళ్లు కట్టే ఆట ఫారో. 1999లో వచ్చిన ఈ ఆటలో ఊరికే తిరిగేవాళ్లను ఆపే రోడ్‌బ్లాక్ ఉంది కాబట్టి గేట్‌హౌస్ చిట్కా అక్కర్లేదు. మార్కెట్ స్థానంలో బజారు ఉంటుంది, నడక పద్ధతి మాత్రం అదే. తేడా పంటలో ఉంది. నైలు వరద నేలల్లో కోత ఏడాదికి ఒక్కసారే, అది ఏడాదంతా రావాలి. పంట తగ్గితే పొలాలకు కూలీలను పంపే వర్క్ క్యాంపుల్లో మనుషులు సరిపడా ఉన్నారా, ఒసైరిస్ దేవుడు అలిగాడా అని చూడండి. వరద ఆయన చేతిలోనే ఉంటుంది. పిరమిడ్ పనికీ ఈ క్యాంపుల మనుషులే వెళ్తారు కాబట్టి, విత్తే రోజుల్లో ఆ పని కాస్త ఆపి వాళ్లను పొలాలకు వదలండి.