మెట్టచేలో బెండ, అలసంద కలిపి వేయడం ఎలా? కలుపు ఎప్పుడు తీయాలి?

అనంతపురం వైపు ఎర్రనేలల్లో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ వరసగా పడదు. ఆ కాస్త తేమ బెండకు దక్కుతుందో తుంగకు దక్కుతుందో మొదటి నెలలోనే తేలిపోతుంది.

రెండుసార్లు దున్ని, బాగా మాగిన పశువుల ఎరువు తోలండి. మాగని ఎరువుతో కలుపు గింజలు కూడా చేలోకి వస్తాయి. బెండలో అర్క అనామిక లాంటి రకం తెచ్చుకోండి. నేల జానెడు లోతు తడిసే వాన పడ్డాకే విత్తండి.

సాలుకూ సాలుకూ 2 అడుగులు, మొక్కకూ మొక్కకూ అడుగు దూరం. రెండు సాళ్లు బెండ, ఒక సాలు అలసంద. పొద రకం అలసందే వేయాలి, తీగ రకమైతే బెండకు చుట్టుకుంటుంది. అలసంద బదులు మటిక్కాయ (గోరుచిక్కుడు) వేసినా మంచిదే. వంగ మాత్రం వద్దు, తెల్లదోమను పక్కనే పెట్టుకుని పెంచినట్టవుతుంది. చేను చుట్టూ మూడు సాళ్లు జొన్న వేయండి.

చాలామంది అలసందను బెండ సాళ్ల నడుమ ఖాళీలో ఇరికిస్తారు. స్థలం కలిసొచ్చిందనుకుంటారు. ఇక గుంటక (ఎద్దులతో తోలే కలుపు పనిముట్టు) తిరగడానికి దారి ఉండదు, కూలీల ఖర్చు పెరుగుతుంది. అలసందకు దాని సాలు దానికి ఉండాలి.

ఇక కలుపు. విత్తిన 15 నుంచి 20 రోజుల మధ్య మొదటిసారి తీయాలి. "ఇంకో వాన పడనీ, అన్నీ మొలిచాక ఒకేసారి తీద్దాం" అని ఆగితే పంట పోయినట్టే. బెండ మొదట్లో నిదానంగా పెరుగుతుంది, ఆ వయసులో గలిజేరుతో పోటీ పడలేదు.

రోజులతో పాటు పదును చూడాలి. గుప్పెడు మన్ను పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి, వేలితో తాకితే విడిపోవాలి. అదీ పదును. బురదగా ఉన్నప్పుడు తీస్తే గరిక కణుపులు మళ్లీ వేరు పోసుకుంటాయి. ఎండి గట్టిపడ్డాక లాగితే తుంగ పైన తెగి గడ్డ లోపలే ఉండిపోతుంది, వారంలో మళ్లీ లేస్తుంది. తుంగను తొలికతో గడ్డతో సహా తవ్వి గట్టు మీద ఎండబెట్టండి. గంగపాయలను సాళ్లలో పారేయకండి, తడి తగిలితే బతుకుతుంది. లేతగా ఉంటే ఇంటికి తీసుకెళ్లి పప్పులో వేయండి.

సాళ్ల మధ్య గుంటక తోలండి, కానీ మొక్కకు జానెడు దూరంలోనే ఆగాలి. మొదలు దగ్గర పక్కవేర్లు పైపైనే ఉంటాయి, అవి తెగితే మిట్టమధ్యాహ్నం మొక్క వాడిపోతుంది. అక్కడ చేత్తోనే తీయాలి. తుత్తురుబెండ మొలక బెండ మొలకలాగే కనిపించి మోసం చేస్తుంది. ఆకు తాకి చూడండి, మెత్తగా మఖమల్‌లా ఉంటే తుత్తురుబెండే. దాన్ని వదిలితే తెల్లదోమ అక్కడ చేరి, పల్లాకు తెగులును (ఆకు ఈనెలు పసుపెక్కే తెగులు) బెండకు అంటిస్తుంది.

కలుపుమందు చల్లితే సరిపోదా అంటారు. విత్తగానే చల్లే మందు పనిచేయాలంటే నేలలో తేమ ఉండాలి, మెట్టలో ఆ భరోసా లేదు. పైగా గుంటక కలుపు తీయడంతో పాటు పైమట్టిని పొడి చేసి లోపలి తేమను ఆవిరి కానివ్వదు. ఆ మేలు ఏ మందుతోనూ రాదు.

రెండో కలుపు 35, 40 రోజులకు. ఆ తర్వాత ఆకులు కమ్ముకుని నీడ పడుతుంది. 45 రోజుల నుంచి రోజు విడిచి రోజు కాయ కోయండి.