విజయనగరం జిల్లా చింతపల్లి తీరంలో పొద్దున్నే నీళ్లలోని చేపల్ని చూడ్డానికి సముద్రంలోకి దిగాలంటే ఎలా?

మన సముద్రం అండమాన్ కాదు. నీళ్లలో పది అడుగుల దూరం కనిపిస్తే ఆ రోజు అదృష్టం బాగున్నట్టే. అందుకే దూరం ఈదుకుంటూ పోవాలన్న సరదా పక్కనపెట్టి, ఒక్క రాయి దగ్గర అరగంట ఉండేలా వెళ్లండి.

ఎండాకాలంలో ఐదున్నరకల్లా వెలుగొచ్చేస్తుంది కాబట్టి పూసపాటిరేగ దగ్గర హైవే దిగి ఆరులోపే తీరం చేరిపోవాలి, పొద్దెక్కేకొద్దీ గాలి లేచి కెరటం పెరిగిందంటే ఇసుక కలిసిన నీళ్లు మజ్జిగలా అయిపోతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. వల బాగుచేసుకుంటున్న ఎవరినైనా "అన్నా, ఇవాళ లాగుడు ఎటుంది?" అని అడగండి. ఆయన వద్దంటే ఇంటికెళ్లిపోవడమే.

నేను చెప్పేది మాస్కు, స్నార్కెల్ (ఊపిరి గొట్టం), ఫిన్స్‌తో (కాళ్లకు తొడిగే రెక్కలు) దిగడం గురించి. సిలిండర్‌తో అయితే శిక్షకుడు లేకుండా ఆలోచనే వద్దు. దిగేముందు మాస్కు అద్దం లోపల ఉమ్మి, రుద్ది, నీళ్లతో కడగండి. ఛీ అనుకుని ఒకసారి మానేశాను, ఆ పూటంతా అద్దం మీద ఆవిరి తప్ప ఏమీ చూడలేదు.

జోడీ లేకుండా దిగొద్దు. పది నిమిషాలు కెరటాల్ని చూడండి. చుట్టూ విరుగుతూ మధ్యలో ఒకచోట మాత్రం నిమ్మళంగా ఉందంటే అక్కడే నీళ్లు లోపలికి లాగుతున్నట్టు, అటు పోకండి. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. ఇసుకలో టేకు చేప (తోకలో విషపు ముల్లుండే స్టింగ్‌రే) పూడుకుని ఉండొచ్చు, అడుగులు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడిస్తే అదే తప్పుకుంటుంది. కిందికి మునిగేటప్పుడు చెవులు నొప్పి పుట్టకముందే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదండి.

రాయి దగ్గరకు చేరాక కాళ్లు ఆడించకండి, ఇసుక లేస్తుంది. మొదట పాచి, ఆల్చిప్పలే. కాసేపాగితే వీపు పసుపుగా, ఒంటిమీద ఐదు నల్లచారలతో అరచేతంత చేపలు వచ్చి మిమ్మల్నే చూస్తాయి. ఒక శంఖం నడవడం మొదలుపెడుతుంది, లోపల అద్దెకున్న పీత అన్నమాట. రాతికి అంటుకున్న పువ్వులాంటిది కనిపిస్తే అది సీ అనిమోన్, మీ చెయ్యి కదిలిన నీటి అల తగిలినా ముడుచుకుపోతుంది. రాతి చూరు కింద ఈకలు విప్పినట్టుండే లయన్ ఫిష్ ఎంత అందంగా ఉన్నా ముట్టుకోకండి, ముళ్లలో విషం. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. తాబేలు కనిపిస్తే వెంటపడొద్దు, అది ఊపిరికి పైకి రావాలి.

ఎనిమిదిన్నరకు బయటికొచ్చేయండి. సామానంతా మంచినీళ్లతో కడిగి నీడలోనే ఆరబెట్టండి, ఎండలో వదిలేస్తే మాస్కు పట్టీ పగిలిపోతుంది.