పిల్లల తెరచాప పడవల పందెం, పాఠం 4: ఒరిగిన పడవలు, ఎత్తిన కాలువలు

నీళ్లు నింపిన చిన్న కాలువలో బొమ్మ పడవను పెట్టి, తెరచాప మీద గొట్టంతో ఊదుతూ చివరిదాకా తీసుకెళ్లడమే మన పందెం. ఈ పాఠంలో దాన్ని నడపడం ఒక్కటే చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చూసి పడవలు చేసినవాళ్లలో చాలామంది ఒకే బాధ చెప్పారు. నీళ్లలో పెట్టగానే పడవ పక్కకు ఒరిగిపోతోందట. కొందరిది ఒరగదు గానీ ఊదగానే గిర్రున తిరిగి కాలువ గోడకు ముక్కు ఆనించేస్తుంది. అలాంటి పడవలతో పిల్లల్ని పందేనికి నిలబెట్టకూడదు. ముందు వాటిని బాగుచేద్దాం.

తప్పు నాది. థర్మకోలు పడవ పొడవు ఏడంగుళాలు, వెడల్పు రెండున్నర, మందం ఒకటి, తెరచాప కర్ర ఆరంగుళాలు అని కొలతలన్నీ రాశాను. అడుగున బరువు ఉండాలని కూడా రాశాను. ఎంత బరువు, ఎక్కడ, దేనితో కట్టాలి అన్నది మాత్రం రాయలేదు. ఏళ్ల తరబడి చేస్తున్నాను కాబట్టి అది అందరికీ తెలిసిందే అనుకున్నాను.

పోలిపాడ్యమి నాడు నాగావళిలో వదిలే అరటి డొప్పలు గుర్తు తెచ్చుకోండి. దీపం వెలుగుతూనే ఉంటుంది, డొప్ప చిన్న చిన్న అలల మీద ఊగుతూ పోతుంది, బోల్తా పడదు. ప్రమిద బరువంతా డొప్ప అడుగునే ఉంటుంది, పైన ఉన్నది మంట ఒక్కటే. మన పడవలో దీనికి తలకిందులు జరిగింది. ఒకరు తెరచాప కర్రగా పెన్సిలు గుచ్చారు. ఇంకొకరు అట్ట తెరచాప పెట్టారు. అది తడిసి, నీళ్లు పీల్చి, పడవకన్నా బరువెక్కింది. బరువు పైకి చేరితే ఎంత చక్కగా చెక్కిన పడవైనా ఒరుగుతుంది.

కాబట్టి కర్రకు కొబ్బరి ఈనె వాడండి, మామూలు చీపురులోదే చాలు. తెరచాపకు ఖాళీ పాల ప్యాకెట్టు కడిగి, నాలుగంగుళాల వెడల్పు, నాలుగున్నర ఎత్తు కత్తిరించండి. అది తడవదు, బరువుండదు, గాలికి కొంచెం పొట్ట కూడా ఇస్తుంది. తెరచాప కింది అంచుకూ పడవకూ మధ్య అంగుళం ఖాళీ చాలు.

అడుగు పలకకు పాత ప్లాస్టిక్ స్కేలు తీసుకోండి. నాలుగంగుళాల ముక్క విరిచి, పడవ అడుగున పొడవునా సన్నని గాటు పెట్టి నిలువుగా దించండి. దాని కింది అంచుకు మూడంగుళాల మేకులు రెండు, అటొకటి ఇటొకటి, పడుకోబెట్టి కట్టాలి. కరెంటు పనివాళ్లు వైర్లకు చుట్టే నల్ల టేపు వాడండి, సెల్లోటేపు నీళ్లలో ఊడిపోతుంది. మేకు మొన కూడా టేపు లోపలే ఉండాలి, పిల్లల వేళ్లు తగులుతాయి. థర్మకోలు దగ్గరకు క్షణాల్లో అతుక్కునే గమ్ములు రానివ్వకండి. ఆ గమ్ము థర్మకోలును తినేసి గుంట చేస్తుంది. అన్నట్టు, థర్మకోలు కొనకండి, టీవీ పెట్టెలో వచ్చిన ముక్కలు ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి.

అయ్యాక పడవను నీళ్లలో పెట్టి, పడవ సగం దాకా ఒరిగేలా తెరచాప కర్రను వేలితో నెట్టి వదలండి. దానంతట అదే లేచి నిలబడాలి. లేవకపోతే ఇంకో మేకు కట్టండి.

ఇక గిర్రున తిరిగే సంగతి. ఎద్దుల్ని బండికి ముందే ఎందుకు కడతారు? ముందు నుంచి లాగితే బండి వెనకాలే బుద్ధిగా వస్తుంది. వెనక నుంచి నెట్టి చూడండి, అటో ఇటో పోతుంది. పడవను లాగేది తెరచాప. కాబట్టి కర్ర పడవ నడిమికి అంగుళం ముందు ఉండాలి, అడుగు పలక నడిమికి కాస్త వెనక్కి. పోయిన పాఠం బొమ్మలో రెండూ సరిగ్గా నడుమ ఉన్నట్టు గీశాను, దిద్దుకోండి. చుక్కాని ఈ పడవకు అక్కర్లేదు. కొందరు పెడతారు, నేను పెట్టను. పిల్లలు దాన్ని తిప్పుతూ కూర్చుని ఊదడం మరిచిపోతారు.

పడవ అయింది, ఇప్పుడు కాలువ. అమెరికాలో కబ్ స్కౌట్లు, అంటే స్కౌట్లలో చిన్నపిల్లల విభాగంవాళ్లు, చూరు నీళ్లు పోయే గట్టర్లలో, పదడుగుల పొడవున, ఇలాంటి పందెమే ఆడతారు. మన ఊళ్లలో ఆ గట్టర్లు తక్కువ. బోరు సామాన్లు అమ్మే షాపులో ఆరంగుళాల పీవీసీ పైపు పదడుగులది ఒకటి తీసుకుని, నిలువునా రెండుగా కోయించండి. ఒక్క పైపులోంచే రెండు కాలువలు వస్తాయి, రెండూ ఒకే కొలత. రెండు పైపులు కొనమని చెప్పేవాళ్లు ఉంటారు, అనవసరం. చివర్లకు పైపు మూతలు సగానికి కోసి ఎంసీల్‌తో అతికించండి. నీళ్లు పోస్తే పైపు నోరు తెరుచుకోవచ్చు, కాబట్టి రెండడుగులకొక చోట రెండు పక్కలా ఆనుడు పెట్టాలి. పైన అడ్డంగా తాడు కట్టకూడదు, తెరచాప తగులుతుంది. అంచుకు అంగుళం కిందకు నీళ్లు పోయండి. ఒక్కో కాలువకు ఇంచుమించు బకెట్టు నీళ్లు పడతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎక్కడికి వెళ్లినా ఇదే తప్పు చూస్తున్నాను. పిల్లలకు సులువవుతుందని పెద్దవాళ్లు కాలువకు మొదట్లో ఒక ఇటుక పెడతారు. పల్లానికి పడవ జోరుగా పోతుందని వాళ్ల నమ్మకం. పోదు. ఏరు పల్లానికి పారుతుంది, ఎందుకంటే పైనుంచి నీళ్లు వస్తూ ఉంటాయి, కిందకు పోతూ ఉంటాయి. మన కాలువకు రెండు చివర్లా మూతలున్నాయి. పోసిన నీళ్లు నిమిషంలో సర్దుకుని నిలిచిపోతాయి. నిలిచిన నీళ్ల పైభాగం ఎప్పుడూ సమంగానే ఉంటుంది, కింద పైపు ఎంత వాలుగా ఉన్నా సరే. గ్లాసులో నీళ్లు పోసి గ్లాసును వంచి చూడండి. గ్లాసు వంగుతుంది, నీళ్లు వంగవు. పడవ తేలేది నీళ్ల మీద, పైపు మీద కాదు.

ఇటుక వల్ల మారేది లోతు ఒక్కటే. మన సగం పైపు లోతు మూడంగుళాలు, అందులో నీళ్లు రెండంగుళాలు. ఇటుక మందం దాదాపు మూడంగుళాలు. ఇటుక పెట్టిన చివర అడుగు దాదాపు పొడిబారుతుంది, అవతలి చివర నీళ్లు అంచు దాటి పొర్లిపోతాయి. పడవ అడుగు పలక, మేకులు కలిపి నీళ్లలో అంగుళంపైన దిగుతాయి. మొదట్లోనే అవి నేలకు ఆనుకుంటే పిల్లలు ఎంత ఊదినా కదలదు. అప్పుడు ఎవరో ఒకరు "ఇంకా గట్టిగా ఊదరా" అంటారు.

కిందటి వేసవిలో శ్రీకాకుళంలో ఒక పిల్లల పందేనికి నన్ను పిలిచారు. పదేళ్ల పాప. తన పడవకు ఎర్ర పూసల దండ కూడా కట్టుకుంది. సగం దాకా అందరికన్నా ముందుంది. అక్కడ పడవ ఆగిపోయింది. పాప ఊదింది, మళ్లీ ఊదింది, బుగ్గలు ఎర్రబడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవతలివాడు దాటిపోయాడు. అందరూ పాపకు దమ్ము చాలలేదన్నారు. నేను వంగి కాలువలో వేలు పెట్టి చూశాను. సరిగ్గా ఆ చోట పైపు కింద బల్ల కాలు ఎత్తుగా ఉండి, కాలువ పైకి ఉబ్బింది. నీళ్లు ఒక అంగుళమే ఉన్నాయి. పాప ఓడిపోలేదు, బల్ల ఓడించింది. ఆ పందెం మళ్లీ పెట్టమని అడిగాను, టైము లేదన్నారు. ఆ పాప ముఖం నాకింకా గుర్తుంది.

అందుకే పిల్లలు రాకముందే ప్రతి అడుగు దగ్గరా స్కేలు ముంచి లోతు చూడండి. పదకొండు చోట్ల కొలిస్తే అన్ని చోట్లా రెండంగుళాలు రావాలి. తక్కువ వచ్చిన చోట కింద ఉన్న ఎత్తు తీయండి, ఎక్కువ వచ్చిన చోట మడిచిన అట్టముక్క దోపండి. మేస్త్రీ దగ్గర మట్టం చూసే నీళ్ల ట్యూబు ఉంటే అడగండి, పని తొందరగా అవుతుంది.

ఎప్పుడు, ఎక్కడ? పొద్దున్న ఏడు, తొమ్మిది మధ్యలో, బడి వరండాలో. మన వైపు పగలు ఎక్కేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది, అప్పుడు గెలిచేది పిల్లల ఊపిరి కాదు, గాలి. చెరువు గట్టు మీద పెడదామని కొందరు అడుగుతున్నారు. పిల్లల్ని చెరువు దగ్గరకు తీసుకెళ్లొద్దు, దాని మీద చర్చ లేదు.

ఊదడానికి గొట్టాలు కావాలి. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జులై 1 నుంచి నిషేధం. కాగితం స్ట్రాలు తడిసి మెత్తబడతాయి, తలా రెండు ఇవ్వండి. నాకైతే బొప్పాయి కాడ ఇష్టం. జానెడు ముక్క కోసి, పాలు కారడం ఆగేదాకా కడిగి, ఒకరోజు ఎండలో ఆరబెట్టాలి. ఒకరిది ఇంకొకరి నోట్లో పెట్టకూడదు. ఊదేది తెరచాప కింది సగం మీద, వెనక నుంచి, జానెడు దూరంలో. పై అంచు మీద ఊదితే ముక్కు నీళ్లలో దిగుతుంది. వరసగా ఊదితే చిన్నపిల్లలకు తల తిరుగుతుంది, రెండు పరుగులకు మించి ఒకేసారి వద్దు. పడవ పడిపోతే పడిన చోటే నిలబెట్టి మళ్లీ ఊదొచ్చు, చేత్తో ముందుకు నెట్టకూడదు. మిగతా నియమాలు మీరే పెట్టుకోండి.

ఇప్పుడు జోడీలు. ఓడినవాళ్లు బయటకు, గెలిచినవాళ్లు ముందుకు అనే పద్ధతి పెట్టకండి. పన్నెండు మంది వస్తే మొదటి పావుగంటలోనే ఆరుగురు పడవలు చంకన పెట్టుకుని గోడ దగ్గర నిలబడతారు. వారం రోజులు కష్టపడి చేసిన పడవకు ఒక్క నిమిషమా?

నా పద్ధతి ఇది. పన్నెండు మందిని ఆరుగురు చొప్పున రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబెట్టండి. ఎదురుగా ఉన్నవాడే జోడీ. ఒక్కో జోడీ ఒకసారి పోటీపడి, కాలువలు మార్చుకుని రెండోసారి పోటీపడాలి. ఎంత చూసినా రెండు కాలువలూ అచ్చం ఒకేలా ఉండవు, మార్చుకుంటే ఎవరికీ గొడవ ఉండదు. ఆరు జోడీలూ అయ్యాక మొదటి వరస ఎడమ చివరి పిల్లవాడు కదలకుండా ఉంటాడు, మిగతా పదకొండు మంది గుండ్రంగా ఒక్కో చోటు జరుగుతారు. కొత్త జోడీలు వస్తాయి. ఇలా మూడు విడతలు. ఒక్కొక్కరికి ముగ్గురితో, ఆరు పరుగులు. మొత్తం 36 పరుగులు, పరుగుకు నిమిషంన్నర వేసుకుంటే గంటలో తేలిపోతుంది. గెలిస్తే రెండు మార్కులు, ఇద్దరూ కలిసి చేరితే చెరొకటి. బేసి సంఖ్యలో వస్తే ఒక చోటు ఖాళీ వదలండి. ఆ విడత ఖాళీ చోటుకు ఎదురుపడ్డవాడికి చివర జెండా పట్టుకునే పని ఇవ్వండి, ఆ పని కోసం పిల్లలు పోట్లాడుకుంటారు.

వరసలు జరపడం మొదటిసారి తికమకగా ఉంటుంది. ఇంట్లో పన్నెండు చింతగింజలు పెట్టి జరిపి చూడండి, వేరే చెప్పక్కర్లేదు.

ఇక అభ్యాసం. వచ్చే పాఠానికి ముందు మీరే, పిల్లలు కాదు, ఒక కాలువ కట్టి ఒకే పడవను ఇరవైసార్లు వదలండి. మొదటి పదిసార్లు తెరచాప కర్ర నడిమికి అంగుళం ముందు, తర్వాతి పది నడిమిన. ప్రతిసారీ ఎన్ని సెకన్లు పట్టింది, ఎన్నిసార్లు గోడ తగిలింది, ఎక్కడ తగిలింది అన్నీ నోటుబుక్కులో రాయండి. రెండు పదుల సగటు వేరువేరుగా తీయండి. ఒకే చోట మూడుసార్లకు మించి గోడ తగిలితే అక్కడ స్కేలు ముంచి లోతు చూడండి, పడవ జోలికి పోకండి. ఆ నోటుబుక్కు దగ్గర పెట్టుకుంటేనే ఐదో పాఠం మొదలుపెట్టండి, అందులో ఒక్కో వయసు పిల్లలకు కాలువ పొడవు ఎంత తగ్గించాలో ఆ లెక్కల మీదే చెబుతాను.