పోలీసు స్టేషన్‌లో కొట్టారా? ఫుటేజీ చెరిగిపోకముందే చేయాల్సిన పనులు

స్టేషన్‌లో దెబ్బలు తిన్న మనిషి బయటికి రాగానే ఇంట్లోవాళ్లు స్నానం చేయించి, పసుపు రాసి పడుకోబెడతారు. కడుపుకోత అది, అర్థమవుతుంది. కానీ ఆ పూటతోనే కేసు సగం బలహీనపడుతుంది. ముందు ఒంటిమీదున్న బట్టలతోనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. ఆ బట్టల్ని తర్వాత ఉతక్కుండా కాగితం కవర్లో దాచండి. ప్లాస్టిక్ కవరైతే తడి నిలిచి మరకలు పాడవుతాయి.

క్యాజువాలిటీలో ఎమ్మెల్సీ, అంటే గాయాలను పోలీసు కేసుగా నమోదు చేసే మెడికో లీగల్ రిపోర్టు, రాయమని అడగండి. ఏ స్టేషన్, ఎన్ని గంటలకు, దేంతో, ఒంటిమీద ఎక్కడెక్కడ కొట్టారో డాక్టరుకు చెప్పి, చెప్పింది చెప్పినట్టు రాశారో లేదో చూసుకోండి. భయంతో ‘కింద పడ్డాను’ అంటే, రేపు కోర్టులో అవతలి లాయరు పట్టుకునేది ఆ ఒక్క మాటనే. అరికాళ్ల మీద కొడితే దెబ్బ పైకి కనిపించదు, కాబట్టి చెప్పులు విప్పి చూపించి మరీ రాయించాలి. ఫోన్లో ముఖం కనిపించేలా ఒక ఫొటో, పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి తీయండి. కమిలిన చోట్ల రంగు రెండు మూడు రోజులకు బాగా తేలుతుంది, అప్పుడు మళ్లీ తీయండి.

అదే వారంలో సీసీ కెమెరాల సంగతి చూడాలి. అన్నిటికంటే ఎక్కువ కేసులు చేజారేది ఇక్కడే. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లోనూ మెయిన్ గేటు, లాకప్, వరండా, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, వెనక ఆవరణ కనిపించేలా కెమెరాలు ఉండాలంది. మాటలు కూడా రికార్డవాలి. ఫుటేజీని 18 నెలలు, అంత సామర్థ్యం లేకపోతే కనీసం ఏడాది ఉంచాలి. ఆ గడువును నమ్ముకుని ఆగొద్దు. డిస్కు నిండితే పాతది దానంతటదే చెరిగిపోతుంది.

అర్జీ ఇలా ఉంటే చాలు: ‘ఫలానా తేదీ ఉదయం 10 గంటల నుంచి మర్నాడు మధ్యాహ్నం 2 గంటల వరకు మెయిన్ గేటు, రిసెప్షన్, ఎస్సై గది, లాకప్ బయట, వెనక ఆవరణ కెమెరాల్లోని దృశ్యం, శబ్దం చెరిపేయకుండా భద్రపరచవలసిందిగా కోరుతున్నాను.’ తీర్పు తేదీ కూడా రాయండి. ‘ఇవ్వండి’ అని అడిగేముందు ‘భద్రపరచండి’ అనాలి. ఇవ్వడం కుదరదని జవాబు రావచ్చు గానీ, ‘భద్రపరచం’ అని ఏ అధికారీ కాగితం మీద రాయలేడు. సమయానికి ముందొక గంట, వెనకొక గంట కలుపుకోండి. ఎస్పీకి లేదా కమిషనర్‌కు, కలెక్టర్‌కు స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి. కెమెరాల పర్యవేక్షణకు ఉండాల్సిన జిల్లా కమిటీలో కలెక్టరూ ఎస్పీ ఇద్దరూ సభ్యులే.

‘ఆ రోజు కెమెరా పనిచేయలేదు’ అంటారు. దీనికి జవాబు ఆ తీర్పులోనే ఉంది. కెమెరా చెడితే స్టేషన్ అధికారి వెంటనే జిల్లా కమిటీకి తెలపాలి, చెడి ఉన్నన్నాళ్లు జరిగిన అరెస్టులు, విచారణల వివరాలు కూడా పంపాలి. ఆ లేఖ నకలును, స్టేషన్‌లో రోజూ జరిగేవన్నీ రాసే జనరల్ డైరీలో ఆ రోజు పేజీలను ఆర్టీఐలో అడగండి. జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. లేఖే లేదని జవాబొస్తే అది మీకే సాక్ష్యం.

మనిషి ఇంకా లోపలే ఉంటే క్రమం మారుతుంది. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, బంధువుకు తెలపాలి, అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉండాలి. ‘ఊరికే విచారణకు పిలిచాం’ అంటూ రోజులు గడిపితే, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 100 కింద సెర్చ్ వారెంటు కోసం మేజిస్ట్రేటును, లేదా హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే ఉత్తర్వు) కోసం హైకోర్టును లాయరు ద్వారా ఆశ్రయించండి. రిమాండుకు తెచ్చినప్పుడు దెబ్బల సంగతి మేజిస్ట్రేటుకు నోటితో చెప్పాలి, రికార్డు చేయమని అడగాలి.

నేరం ఒప్పించడానికి కొట్టడం బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 120 కింద నేరం: ఏడేళ్ల దాకా, తీవ్ర గాయాలైతే పదేళ్ల దాకా జైలు. స్టేషన్‌లో కేసు కట్టకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173(4) కింద ఎస్పీకి, అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటుకు వెళ్లండి. అక్కడ ఆరోపణ ఎదుర్కొంటున్న అధికారి వాదన, పైఅధికారి నివేదిక తెప్పించుకుంటారు గనుక కొంత ఆలస్యం తప్పదు. అధికారి మీద కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి అవసరమైన చోట ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు రాయాలి, ఫీజు లేదు. రాష్ట్ర కమిషన్ ముందు నడుస్తున్నదాన్ని జాతీయ కమిషన్ విచారించదు కాబట్టి రెండుచోట్లా వేయకండి.

కొట్టినప్పుడు ఎవరైనా తీసిన వీడియో ఉంటే ఫిర్యాదు రసీదు చేతికొచ్చాకే బయటపెట్టడం మంచిది. తీసిన ఫోను అమ్మకండి, ఫైలు కత్తిరించకండి. వాట్సాప్‌లో వెళ్లిన కాపీ నాణ్యత తగ్గుతుంది, కోర్టుకు అసలు ఫైలు, దాని హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది) భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. సోషల్ మీడియా పోస్టులో తేదీ, చోటు, స్టేషన్, నేమ్‌ప్లేట్ మీదున్న పేరు, ఫిర్యాదు నంబరు రాస్తే సరిపోతుంది. ఆ అధికారి ఇంటి చిరునామా, పిల్లల ఫొటోలు పెట్టొద్దు.