బ్రిటన్ ఉద్యోగ వీసా: సీఓఎస్‌ను డబ్బిచ్చి కొనకండి

గత నెల ఒక రైతు కుటుంబం, తమ పెద్దబ్బాయికి బ్రిటన్ హోం ఆఫీస్ (వీసాలు చూసే అక్కడి ప్రభుత్వ శాఖ) నుంచి వచ్చిన ఉత్తరాన్ని నాకు పంపి, అందులో ఏముందో చదివి చెప్పమని అడిగింది. ఎకరం పొలం అమ్మి, చాలని సొమ్ము నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, మొత్తం 16 లక్షల రూపాయలు ఒక ఏజెంటు చేతిలో పోసి ఆ అబ్బాయిని పంపారు. ఉద్యోగం ఇస్తామన్న సంస్థ ఒక్క రోజు కూడా పని చూపలేదు. ఆరు నెలలకు దాని స్పాన్సర్ లైసెన్సు, అంటే విదేశీయులను ఉద్యోగంలో పెట్టుకునే అనుమతి, రద్దయింది. 60 రోజుల్లో మరో స్పాన్సర్‌ను చూసుకోవాలని, లేకపోతే దేశం విడిచి వెళ్లాలని ఆ ఉత్తరంలో ఉంది. రెండో అబ్బాయికి కూడా అదే ఏజెంటు ధర చెప్పి ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ ఇంటివారికి చెప్పిన మాటలనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పాస్‌పోర్టు గడువు, ఫొటోల కొలతలు ఎవరిని అడిగినా చెబుతారు కనుక వాటి జోలికి వెళ్లను. కుటుంబాలను కూల్చిన తప్పు ఒక్కటే: సీఓఎస్‌ను, అంటే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌ను, డబ్బిచ్చి కొనడం.

పేరులో సర్టిఫికెట్ అని ఉన్నా అది కాగితం కాదు. ఉద్యోగ వీసాకు దరఖాస్తు చేయడానికి కావలసిన, లైసెన్సు ఉన్న యజమాని హోం ఆఫీస్ వ్యవస్థలో నమోదు చేసే ఎలక్ట్రానిక్ రికార్డు అది. మనకు అందేది దాని సంఖ్య మాత్రమే. భారతదేశం నుంచి దరఖాస్తు చేసేవారికి ఇచ్చేదాన్ని ‘డిఫైండ్’ సీఓఎస్ అంటారు. ఫలానా పని, ఫలానా జీతం అని చూపించి, యజమాని ఒక్కొక్క ఉద్యోగానికి విడిగా అనుమతి తెచ్చుకోవాలి. కాబట్టి ‘మా దగ్గర అయిదు ఉన్నాయి, రెండే మిగిలాయి’ అని ఎవరైనా అన్నారంటే, ఆ ఉద్యోగం ఉత్తదేనని అనుకోవాలి. నిజమైన ఉద్యోగంలో ముందు ఇంటర్వ్యూ, తర్వాత ఆఫర్, ఆ తర్వాతే సీఓఎస్ వస్తాయి.

సీఓఎస్ రుసుము 2025 ఏప్రిల్‌లో 525 పౌండ్లకు పెరిగింది. దాన్ని కట్టవలసింది యజమాని. 2024 డిసెంబరు 31 నుంచి ఇచ్చే సీఓఎస్‌ల రుసుమును ఉద్యోగి నుంచి రాబట్టకూడదన్న నిబంధన ఉంది. విదేశీ ఉద్యోగిని తీసుకున్నందుకు యజమాని అక్కడి ప్రభుత్వానికి కట్టే స్కిల్స్ చార్జీని కూడా ఉద్యోగి మీద మోపకూడదు. మీరు కట్టవలసినవి వీసా రుసుము, ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి, టీబీ పరీక్ష, ఇంగ్లిష్ పరీక్ష ఖర్చులు. ఆరోగ్య రంగపు వీసా అయితే ఆ సర్‌చార్జి కూడా ఉండదు.

డబ్బు పోవడం ఇందులో చిన్న నష్టమే. అమ్మిన సీఓఎస్ వెనుక పని ఉండదు కనుక, ఉద్యోగం నిజమైనది కాదన్న కారణంతో వీసా నిరాకరించవచ్చు. వచ్చినా, లైసెన్సు రద్దయిన రోజున ఆ అబ్బాయికి పట్టిన గతే పడుతుంది. దరఖాస్తులో మోసం ఉందని తేలితే 10 ఏళ్ల వరకు మళ్లీ వీసా రాకుండా పోవచ్చు. అన్నిటికీ మించి, తామే డబ్బు కట్టామన్న భయంతో బాధితులు ఫిర్యాదు చేయడానికి నోరు విప్పరు. అక్కడ చదువు ముగించుకుని గ్రాడ్యుయేట్ వీసా (చదువు తర్వాత కొంతకాలం అక్కడ ఉండనిచ్చే వీసా) గడువు చివర్లో ఉన్న మన పిల్లలు కూడా, తిరిగి వెళ్తే అప్పు తీరదన్న ఆందోళనలో ఇదే తప్పు చేస్తున్నారు. సీఓఎస్‌ను కొనకండి.

ఇక యజమాని సంగతి. లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితాను బ్రిటన్ ప్రభుత్వమే తన వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. సంస్థ పేరు, ఊరు అక్కడ సరిచూడండి. అయితే ఆ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు, ఎందుకంటే మోసగాళ్లు నిజమైన సంస్థల పేర్లనే వాడుకుంటారు. బ్రిటన్‌లో కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ రికార్డుల్లో ఆ సంస్థ ఎప్పుడు పుట్టిందో, లెక్కలు దాఖలు చేస్తోందో లేదో ఉచితంగా చూడవచ్చు. ఏజెంటు ఇచ్చిన నంబరుకు కాకుండా సంస్థ సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకు ఫోన్ చేసి, మీ ఆఫర్ నిజమేనా అని అడగండి. జీతం కూడా చూసుకోండి: 2025 జూలై 22 నుంచి ఈ వీసాకు ఉండవలసిన సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు, లేదా ఆ వృత్తికి నిర్ణయించిన రేటు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. కొత్తగా వృత్తిలోకి వచ్చేవారికి, ఆరోగ్య రంగంలో కొన్ని ఉద్యోగాలకు ఇంతకంటే తక్కువ ఉంటుంది. కేర్ వర్కర్ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం ఆ రోజుతోనే ఆగిపోయింది. నేటికీ ఆ వీసా ఇప్పిస్తానని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చెప్పేవాడు అబద్ధం ఆడుతున్నాడు.

ఏజెంటు విషయంలో నేను మెతకగా మాట్లాడను. మన దేశపు 1983 వలస చట్టం కింద నమోదైన రిక్రూటింగ్ ఏజెంటా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో తెలుస్తుంది. అతడు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ‘ట్రావెల్స్’ అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన లైసెన్సు ఉన్నట్టు కాదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే. ముందు అక్కడ అడగండి.

వీసా దరఖాస్తును మీ సొంత ఈ-మెయిల్‌తోనే తెరవండి. ఏజెంటు తన ఈ-మెయిల్‌తో తెరిస్తే, మీ పేరుతో ఏ దొంగ అనుభవ పత్రం జతచేశాడో మీకు తెలియదు. జవాబుదారీ మాత్రం మీరే అవుతారు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. సమర్పించే ముందు ప్రతి పేజీ చదవండి. చేయని ఉద్యోగం రాయకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరా తాకట్టు పెట్టకండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం చేయకండి. టీబీ పరీక్షను గుర్తింపు పొందిన క్లినిక్‌లోనే చేయించుకోండి. ఆ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. 2026 జనవరి 8 నుంచి ఇంగ్లిష్ బీ2 స్థాయి కావాలి, పరీక్ష మీరే రాయండి. సీఓఎస్ ఇచ్చిన మూడు నెలల్లో వాడకపోతే చెల్లదన్న మాట నిజమే. దాన్ని చూపించి ‘ఈ సాయంత్రంలోగా కట్టండి’ అని తొందరపెడితే లేచి వచ్చేయండి. వీసా వచ్చే వరకు ఉన్న ఉద్యోగం మానకండి, పొలం అమ్మకండి. ‘సీఓఎస్ డబ్బు కాదు, ప్రాసెసింగ్ ఫీజు’ అన్నా కట్టకండి. ‘వీసా వచ్చాకే ఇవ్వండి’ అన్నా కట్టకండి. ‘జీతంలో కొంచెం కొంచెంగా కోసుకుంటాం’ అన్నా ఒప్పుకోకండి.

ఇప్పటికే కట్టి ఉంటే బ్యాంకు రసీదులు, వాట్సాప్ సందేశాలు, ఫోన్ రికార్డులు చెరపకుండా దాచండి. ఆన్‌లైన్‌లో పంపిన సొమ్ము అయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బ్రిటన్‌లో ఉండగా 60 రోజుల ఉత్తరం వస్తే, నమోదైన ఇమిగ్రేషన్ సలహాదారును ఆ వారంలోనే కలవండి. మొదట డబ్బు తీసుకున్న మనిషి దగ్గరకు రెండో సీఓఎస్ కోసం వెళ్లకండి.