పిలిస్తే ఇద్దరు పలక్కుండా: బారసాలకు పేరు ఎంచుకునే పద్ధతి

పేరు నచ్చింది, అర్థం బాగుంది, నక్షత్రానికీ కుదిరింది. అంతలో పక్క ఫ్లాట్‌లో మూడేళ్ల పాప పేరూ అదేనని తెలిసింది. విజయవాడ, గుంటూరుల్లో బారసాల ముందు చాలా ఇళ్లలో చర్చ సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది. ఆ పేరు ఉంచుకోవాలా, వదులుకోవాలా అన్నది ఊహతో తేలదు, లెక్కతో తేలుతుంది. దేశం మొత్తంలో ఆ పేరు ఎంతమందికి ఉందో మనకు అనవసరం. రేపు మీ బిడ్డ కూర్చునే తరగతిలో, పెరిగే వీధిలో, చుట్టాల మధ్య ఆ పిలుపుకి ఇంకెవరు పలుకుతారో చూసుకుంటే చాలు.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఏ పేరు ఎంతమంది పిల్లలకు పెట్టారో ప్రభుత్వమే ఏటా వరుసగా ప్రకటిస్తుంది. మన దగ్గర అలాంటి జాబితా లేదు. ఇంటర్నెట్‌లో కనిపించే 'టాప్ 100 పేర్లు' నిజంగా పెట్టిన పేర్లని నమ్మడానికి లేదు. పైగా అవి చూసే జనంలో ఢిల్లీవాళ్లూ, డల్లాస్‌వాళ్లూ, మనవాళ్లూ అందరూ కలిసిపోయి ఉంటారు. 'అరుదైన పేర్లు' అని రాసిన జాబితాలతో ఇంకో చిక్కు: వాటిని వేలమంది చదువుతారు, చాలామంది పైనున్న పది పేర్లలోనే ఏరుకుంటారు. ఓటర్ల జాబితా చూద్దామంటే అందులో ఉండేది 18 నిండినవాళ్లే. కాబట్టి జాబితా మీరే తయారుచేసుకోవాలి. కాస్త ఓపిక పడితే అయ్యే పనే.

జాబితా ఎలా కట్టాలి

నాలుగేళ్ల లోపు పిల్లల పేర్లే రాయండి. పెద్దపిల్లల పేర్లు కలిపితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే పేర్ల మోజు ఐదారేళ్లకే మారిపోతుంది. పాప పేరుకైతే ఆడపిల్లల పేర్లు, బాబు పేరుకైతే మగపిల్లల పేర్లు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు వెనక్కి జరిపి చూడండి. రెండువైపులా చుట్టాలకు ఫోన్ చేయండి. వీధి మలుపుల్లో కట్టే మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీలు, ప్లేస్కూల్ వార్షికోత్సవం ఆహ్వానపత్రాలు, అంగన్‌వాడీ, తెలిసిన టీచరు ఉంటే నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల పేర్లు... అన్నీ పనికొస్తాయి. టీకా కోసం పిల్లల డాక్టరు దగ్గర వరుసలో కూర్చున్నప్పుడు కాంపౌండరు పిలిచే పేర్లు వింటే చాలు, గంటలో పాతిక ముప్పై పేర్లు దొరుకుతాయి. రాసుకునేది పేరు ఒక్కటే. ఎవరి పిల్లలు, ఏ ఇల్లు అన్నవి రాయొద్దు.

150 పేర్లు వచ్చాక లెక్క చూడండి. మీరనుకున్న పేరు మూడుసార్లు కనిపించిందనుకుందాం. అంటే దాదాపు యాభైమందిలో ఒకరికి ఆ పేరుంది. నలభైమంది సెక్షన్‌లో ఇరవైమంది ఆడపిల్లలుంటే, మీ పాప కాక ఇంకొకరికైనా అదే పేరుండే అవకాశం మూడింట ఒక వంతు. వందమందిలో ఒకరికుంటే అది ఆరింట ఒక వంతుకు తగ్గుతుంది. రెండువందల్లో ఒకరికైతే పదకొండింట ఒక వంతు. వందకు ఒకటి లోపు ఉన్న పేరు గురించి నిద్ర చెడగొట్టుకోవాల్సిన పని లేదు. యాభైకి ఒకటి దాటితే ఆలోచించాలి. జాబితాలో ఒక్కసారి కూడా రాలేదని వెంటనే ధీమా పడకండి, 150 పేర్లు చిన్న నమూనా. 300 పేర్లలోనూ కనిపించకపోతే వందకు ఒకటి కంటే తక్కువేనని అనుకోవచ్చు.

పైకి వెళుతున్న పేరా, దిగిపోతున్న పేరా అన్నది కూడా చూడండి. ఐశ్వర్యా రాయ్, అభిషేక్ బచ్చన్ 2011లో పుట్టిన తమ పాపకు ఆరాధ్య అని పెట్టుకున్నాక ఆ పేరు మన ఊళ్లలోనూ బాగా వినిపించింది. ఆ అలలో పేరు పెట్టుకున్న పిల్లలు ఇప్పుడు హైస్కూలు వయసువాళ్లు, ఈ ఏడు పుట్టిన పాపతో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు కారు. ఇబ్బందంతా గత రెండేళ్లలో కొత్తగా చెవిన పడుతున్న పేరుతోనే. మీకు కొత్తగా, ముచ్చటగా తోచిందంటే అదే నెలలో కాన్పయిన ఇంకా ఎందరికో అలాగే తోచి ఉంటుంది.

రాత కన్నా మోత ముఖ్యం

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పేరు అక్షరాలా ఒకటే అయితేనే లెక్కిస్తారు. ఫ్యాన్లు తిరిగే గదిలో నలభైమంది పిల్లల మధ్య టీచరు పిలిస్తే సాన్వి, జాన్వి, తన్వి, మాన్వి, ధన్వి అందరూ తలెత్తుతారు. విహాన్, ఇషాన్, రిహాన్, అయాన్ ఒక గుంపు. ఆద్య, ఆరాధ్య, ఆరాధన ఒక గుంపు. రిత్విక్, రుత్విక్, హృతిక్ మరో గుంపు. మీ జాబితాలో పేర్లను ఇలా మోతను బట్టి గుంపులు కట్టి మళ్లీ లెక్కపెట్టండి. ఒక్కసారి కూడా కనిపించని పేరు పదిమంది ఉన్న గుంపులో పడొచ్చు. అలాంటప్పుడు ఆ పేరు అరుదైనదని మురిసిపోయి లాభం లేదు.

తర్వాత, పేరు ఎలా కుదించుకుపోతుందో చూడండి. సాయితేజ, సాయిచరణ్, సాయికిరణ్ బర్త్ సర్టిఫికెట్‌లో ముగ్గురే, బడిలో మాత్రం ముగ్గురూ సాయే. లక్ష్మి, నాగ, వెంకట ముందు వచ్చే పేర్లకూ ఇదే జరుగుతుంది. దేవుడి పేరు కలపాలన్న మొక్కుంటే దాన్ని రెండో మాటగా పెట్టండి: చరణ్ సాయి, హర్షిత లక్ష్మి. జనం మొదటి మాటే పట్టుకుంటారు. పేరు ఖాయం చేసే ముందు పది రోజులు ఇంట్లో ఆ పేరుతోనే పిలిచి చూడండి. వంటింట్లోంచి బాల్కనీ దాకా వినపడేలా ఒకసారి కేకేయండి. మూడో రోజుకే ఎవరో ఒకరు దాన్ని కుదిస్తారు, ఆ కుదించిన రూపాన్ని కూడా జాబితాతో సరిపోల్చండి.

అరుదుగా ఉండాలన్న పట్టుదల మరీ ముదిరినా ఇబ్బందే. కొరియర్ అబ్బాయికో మందుల షాపులోనో ఫోన్‌లో ఆ పేరు చెప్పండి. ఒక్కసారి చెప్పగానే సరిగ్గా రాసుకుంటే మంచిదే. మూడుసార్లు విడమరచి చెప్పాల్సివస్తే, మీ బిడ్డ ఆ పని జీవితమంతా చేయాలి. అర్థం విషయంలో పేర్ల సైట్లను నమ్మొద్దు. 'అంశ్'తో ముగిసే కొత్త పేర్లలో కొన్నిటికి అక్కడ చెప్పిన అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదు. ఆంధ్రభారతి సైట్‌లో తెలుగు నిఘంటువులను వెతికే వీలుంది, అక్కడ చూసుకోండి, లేదా సంస్కృతం చదువుకున్నవాళ్లను అడగండి.

నక్షత్రం అక్షరం కుదరకపోతే

27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. చంద్రుడు ఒక నక్షత్రంలో సుమారు ఒక రోజు ఉంటాడు, పాదం దాదాపు ఆరు గంటలు. ముహూర్తం చూసుకుని ఆపరేషన్ పెట్టించుకునే రోజుల్లో ఒకే పాదంలో ఊళ్లో చాలామంది పుడతారు, అందరికీ ఒకే అక్షరం వస్తుంది. ఒకే పేరు చాలామందికి రావడానికి, అన్ని అక్షరాలకూ పేర్లు సమానంగా లేకపోవడం ఇంకో కారణం. హస్తకు పూ, ష, ణ, ఠ. ణ, ఠలతో పేరెక్కడ దొరుకుతుంది? అందుకే హస్తలో పుట్టిన ఆడపిల్లల్లో చాలామంది పూజిత, పూర్వి దగ్గరే తేలతారు. ఆశ్లేషకు డీ, డూ, డే, డో. ఆరుద్ర మూడో పాదానికి ఙ.

దీనికి మన సంప్రదాయంలోనే దారి ఉంది. నామకరణంలో ఒక్క పేరే పెట్టాలని లేదు. మాసనామం, నక్షత్రనామం, వ్యవహారనామం విడివిడిగా ఉంటాయి. నక్షత్రం అక్షరంతో వచ్చే పేరు బిడ్డ చెవిలో చెప్పి, పూజలో సంకల్పానికి ఉంచుకుని, పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాసే వ్యవహారనామం మీకు నచ్చింది పెట్టుకోవచ్చు. ఈ మాట ముందుగానే పురోహితుడితో అనుకోండి, పీటల మీద కూర్చున్నాక కాదు. అక్షరంతోనే పిలుపు పేరు కావాలంటే హ్రస్వం, దీర్ఘం రెండూ చెల్లుతాయేమో అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. అదే నక్షత్రంలో పక్క పాదం అక్షరానికి ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. దాంతో వెతుక్కునే చోటు రెండింతలవుతుంది.

పెద్దల పేర్లు, క్షేత్రాల పేర్లు

తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో అన్నదమ్ముల పిల్లలందరికీ ఒకే పేరు వస్తుంది. పెద్ద వెంకటేశ్వర్లు, చిన్న వెంకటేశ్వర్లు అలా పుట్టినవాళ్లే. పైగా అత్తగారి పేరు బిడ్డకు పెడితే కోడలు ఆ పేరుతో కసురుకోలేదు, ఇల్లంతా బుజ్జి అనో చిన్ని అనో పిలవడం మొదలుపెడతారు, వీధిలో బుజ్జిలు మరో నలుగురుంటారు. పెద్దల పేరు రెండో మాటగా ఉంచి, పిలిచే పేరు విడిగా ఎంచుకుంటే ఎవరి మనసూ నొచ్చుకోదు.

కొత్త పేరు కోసం ఎక్కడెక్కడో వెతికేవాళ్లు చుట్టుపక్కల గుళ్ల వైపు చూడటం మానేశారు. బెజవాడ కనకదుర్గ, అమరావతి అమరేశ్వరుడు, కోటప్పకొండ కోటేశ్వరుడు, మంగళగిరి పానకాల నరసింహస్వామి, బాపట్ల భావనారాయణుడు, మాచర్ల చెన్నకేశవుడు. తాతల తరంలో కోటేశ్వరరావులూ అమరేశ్వరరావులూ వీధికి ముగ్గురు, ఈనాటి ఎల్‌కేజీలో వెతికినా కనిపించడం కష్టం. అమర్, కేశవ్, భావన, కనక లాంటి పొట్టి రూపాలు పలకడానికి తేలిక, అర్థం వివరించక్కర్లేదు. మా దృష్టిలో ఇంత మంచి గని ఇంకెక్కడా లేదు.

ఇంటిపేరు కూడా లెక్కలోదే. ఒకే పేరున్న ఇద్దరిని టీచర్లు కె. సాన్వి, ఎం. సాన్వి అని విడదీస్తారు. మీ ఇంటిపేరు మొదటి అక్షరం కె, పి, ఎం, జి లాంటి ఎక్కువగా కనిపించేవాటిలో ఒకటైతే ఆ విడదీత పనిచేయకపోవచ్చు, అప్పుడు రెండో మాట తప్పనిసరి. గుంటూరు బడుల్లో షేక్ అని మొదలయ్యే పేర్లు చాలా ఉంటాయి కాబట్టి ముస్లిం కుటుంబాలు పేరును రెండు మాటలుగా పెట్టడం మంచిది. బైబిల్ పేర్లు పెట్టుకునే క్రైస్తవ కుటుంబాలకూ ఇదే మాట, చివర బాబు, కుమార్ చేర్చినందువల్ల పెద్దగా తేడా రాదు.

కాగితం మీద ఎక్కించేముందు

బారసాల 11వ రోజో 21వ రోజో అయిపోతుంది, రికార్డుకు అంత తొందర లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననాన్ని 21 రోజుల్లో తెలపాలి. ఆస్పత్రి కాన్పయితే ఆ బాధ్యత ఆస్పత్రిదే. పేరు లేకుండానే నమోదు చేయవచ్చు. నమోదైన నాటి నుంచి 12 నెలల్లోపు పేరు ఉచితంగా చేర్చుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో. కాబట్టి జాబితా కట్టడానికి, పిలిచి చూడటానికి రెండు మూడు నెలలు తీసుకోండి. ఏడాది మాత్రం దాటనివ్వొద్దు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు డ్రైవింగ్ లైసెన్సు, ఓటు, పెళ్లి నమోదు, ప్రభుత్వోద్యోగం దాకా పుట్టిన తేదీకి, చోటుకి ఈ సర్టిఫికెట్టే ఆధారం. ఒకసారి పేరెక్కాక నచ్చలేదని మార్చడం కష్టం.

పేరు చేర్పించాల్సింది కాన్పు నమోదైన చోటే. పుట్టింట్లో గుంటూరులో కాన్పై, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో హైదరాబాదో బెంగళూరో వెళ్లేవాళ్లు, బయల్దేరే ముందే గుంటూరు నగరపాలక సంస్థలో ఆ పని ముగించుకోవాలి. లేకపోతే దీనికోసమే మళ్లీ రావాల్సిరావచ్చు. పల్లెలో నమోదైతే పంచాయతీ కార్యదర్శి.

ఇంగ్లీషు స్పెల్లింగు దరఖాస్తుకు ముందే తేల్చుకోండి. త కి టి ఒక్కటే రాస్తారా, టి పక్కన హెచ్ పెడతారా? శ కి ఎస్ మాత్రమేనా, ఎస్ హెచ్చా? సంఖ్యాశాస్త్రం చూపించేవాళ్లు అదనపు ఎ, అదనపు హెచ్ ఏవైనా ఇప్పుడే కలుపుకోవాలి. పదో తరగతి మెమోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి అయితే పాస్‌పోర్టు దగ్గర ఆగుతుంది. ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించండి, పాస్‌పోర్టులో దానికి విడిగా గడి ఉంటుంది. ముందు బర్త్ సర్టిఫికెట్‌లో పేరు, ఆ తర్వాతే బాల ఆధార్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా. సర్టిఫికెట్ చేతికిచ్చాక కౌంటరు దగ్గరే నిలబడి బిడ్డ పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే అక్కడే చూపించండి.